మధ్యపదం మారినప్పుడు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో మూడు మాటలు

తర్కశాస్త్రం మొదటి పాఠాలు చదివినవారికి గోడమీది గుర్రం పరిచయమే. గోడమీద గీసిన బొమ్మను చూపి "ఇది గుర్రం" అంటారు. "ప్రతి గుర్రమూ సకిలిస్తుంది" అంటారు. "కనుక ఇది కూడా సకిలిస్తుంది" అని ముగిస్తారు. అరబీ మదర్సాలలో మంతిఖ్ చెప్పేటప్పుడు ముగాలతాకు, అనగా తప్పుదారి పట్టించే తర్కానికి, తరతరాలుగా ఇస్తున్న ఉదాహరణ ఇది. సంస్కృత న్యాయశాస్త్రంలో ఈ స్థానంలో "నవకంబళం" ఉన్నది. ఒకడు కొత్త కంబళి కప్పుకొన్నాడని చెప్పడానికి "నవకంబళుడు" అంటే, ఎదుటివాడు "నవ" అంటే తొమ్మిది కదా, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని అడుగుతాడు. తెలుగులో చెప్పవలసి వస్తే "పాలు" అనే మాట చాలు. పాలు తెల్లగా ఉంటాయి, తండ్రి ఆస్తిలో తమ్ముడికి పాలు ఉన్నది, కనుక తమ్ముడికి రావలసినది తెల్లగా ఉంటుంది.

ఈ ఉదాహరణలన్నిటిలోనూ ఒక లోపం ఉన్నది. వీటివల్ల ఎవరూ మోసపోరు. బొమ్మ సకిలిస్తుందని ఎదురుచూసినవాడు లోకంలో లేడు. విద్యార్థి నవ్వుకొంటాడు, దోషం పేరు కంఠస్థం చేస్తాడు, పరీక్షలో వ్రాస్తాడు. అదే దోషం తన తల్లి కూలి మీదనో, తన అన్న మగ్గం మీదనో వచ్చి పడ్డప్పుడు మాత్రం గుర్తుపట్టలేడు. అక్కడ బొమ్మ ఉండదు, గుర్రం ఉండదు, నవ్వు అసలే రాదు. గంభీరమైన భాషలో, చట్టం పేరుతోనో సంక్షేమం పేరుతోనో వచ్చిన మూడు వాక్యాలు మాత్రమే ఉంటాయి.

అనేకార్థ పదాలవల్ల కలిగే దోషాన్ని మనం బోధిస్తున్న తీరును విమర్శించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ఉత్తర తెలంగాణలోని మూడు పట్టణాల నుంచి మూడు మాటలను తీసుకొంటున్నాము. జగిత్యాల నుంచి "శాంతి", కోరుట్ల నుంచి "అదుపు", సిరిసిల్ల నుంచి "నేతన్న". ఈ మూడూ పాఠ్యగ్రంథాలలో కనిపించని ఉదాహరణలు. కాని ఈ మాటల అర్థం మారడంవల్ల వేలమంది బతుకులు మారినవి.

దోషం ఎక్కడ ఉంటుంది?

ముందుగా శాస్త్రం చెప్పేది క్లుప్తంగా చూద్దాము. నిగమన తర్కంలో రెండు ఆధారవాక్యాలు, ఒక నిగమనం ఉంటాయి. మంతిఖ్ పరిభాషలో వీటిని కుబ్రా, సుగ్రా, నతీజా అంటారు. ఈ రెండు ఆధారవాక్యాలను కలిపేది మధ్యపదం. దీన్నే హద్దె ఔసత్ అంటారు. నిగమనంలో మధ్యపదం కనిపించదు. మిగిలిన రెండు పదాలనూ ఒకచోట చేర్చి, తాను తప్పుకొంటుంది. పెళ్లి కుదిర్చి పక్కకు జరిగిన మధ్యవర్తి వంటిది. ఆ మధ్యవర్తి ఇరుపక్షాలతో ఒకే మాట చెప్పి ఉండాలి. ఒకరితో ఒకటి, మరొకరితో మరొకటి చెప్పి ఉంటే ఆ సంబంధం నిలువదు.

మన ప్రాంతంలో నిత్యం వినిపించే "మామూలు" అనే మాటను చూడండి. అరబీ నుంచి ఉర్దూ ద్వారా మన ఇళ్లలోకి వచ్చిన మాట ఇది. "మామూలుగా జరిగే పని తప్పు కాదు. దఫ్తరులో పైసలు పుచ్చుకొనడం మామూలుగా జరిగే పని. కనుక దఫ్తరులో పైసలు పుచ్చుకొనడం తప్పు కాదు." మొదటి వాక్యంలో "మామూలుగా జరిగేది" అంటే నలుగురూ ఒప్పుకొన్న ఆచారం. రెండవ వాక్యంలో అదే మాటకు తరచుగా జరిగేది అని అర్థం. రెండుచోట్లా ఆచారం అనే అర్థం తీసుకొంటే రెండవ వాక్యం అబద్ధం, ఎందుకంటే లంచాన్ని నలుగురూ ఒప్పుకోలేదు. రెండుచోట్లా తరచుగా జరిగేది అని తీసుకొంటే మొదటి వాక్యం అబద్ధం, ఎందుకంటే తరచుగా జరిగే తప్పులు ఎన్నో ఉన్నాయి. దేని అర్థం దానికి ఉంచితే రెండు వాక్యాలూ నిజమే, కాని రెండింటికీ ముడి లేదు. మూడు పదాలు ఉండవలసినచోట నాలుగు పదాలు ఉన్నవి.

ఈ దోషం విశేషం ఇదే. విడివిడిగా చూస్తే ఏ వాక్యాన్నీ తప్పుపట్టలేము. ఆకారాన్ని చూస్తే అనుమానం సక్రమంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మాట మారలేదు గనుక చెవికి ఏమీ తెలియదు. మారింది అర్థం మాత్రమే.

పూర్వులు దీన్ని బాగా ఎరుగుదురు. అరిస్టాటిల్ కుతర్కాలను 13 రకాలుగా విభజించి, వాటిలో 6 భాషవల్ల కలిగేవని చెప్పి, అనేకార్థ పదాన్ని మొట్టమొదట ఉంచినాడు. గౌతముని న్యాయసూత్రాలలో ఛలం మూడు విధాలు: వాక్‌ఛలం, సామాన్యఛలం, ఉపచారఛలం. ముస్లిం తార్కికులు అనేకార్థ పదాన్ని లఫ్జె ముష్తరక్ అన్నారు. "ఐన్" అనే అరబీ మాటకు కన్ను, నీటి ఊట, బంగారం మొదలైన అర్థాలున్నాయని ఉదహరించారు.

అయితే ఫిఖ్‌హ్ పండితుల చేతిలో ఈ చర్చ బొమ్మల స్థాయిలో ఆగలేదు. విడాకులు పొందిన స్త్రీ ఎంతకాలం వేచి ఉండాలో చెప్పే ఖురాన్ ఆదేశంలో "ఖురూ" అనే మాట ఉన్నది. అరబీలో దీనికి బహిష్టు కాలమనీ, రెండు బహిష్టుల మధ్య శుద్ధి కాలమనీ రెండర్థాలూ ఉన్నవి. హనఫీలు మొదటి అర్థం తీసుకొన్నారు, షాఫయీలు, మాలికీలు రెండవది తీసుకొన్నారు. గడువు ఎన్నడు ముగుస్తుంది, ఆమె ఎప్పటి నుంచి తిరిగి వివాహమాడవచ్చు అన్నది ఈ నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ గమనించవలసినది వారి భేదాన్ని కాదు, వారి పద్ధతిని. మాటకు రెండర్థాలున్నాయని ఇరుపక్షాలూ ముందే బయటపెట్టినవి. తాము ఏ అర్థం తీసుకొంటున్నదీ, ఎందుకు తీసుకొంటున్నదీ చెప్పినవి. ఆ తర్వాత చివరి వరకు ఆ అర్థాన్నే పట్టుకొని నడిచినవి. అభిప్రాయభేదం మిగిలింది గాని మోసం మిగలలేదు.

ఇమామ్ గజాలీ (మరణం 1111) తన తర్కగ్రంథం "మియారుల్ ఇల్మ్"లో ఫిఖ్‌హ్ నుంచి ఉదాహరణలను కావాలనే తీసుకొన్నారు. చదివేవారిలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఎక్కువ గనుక, వారి పనిలో ఎదురయ్యే విషయాలతోనే తర్కం చెబితే అది ఉపయోగపడుతుందని ఆయన భావించారు. గ్రీకు ఉదాహరణలు ఆయనకు తెలియక కాదు, తన పాఠకుని పని ఏమిటో తెలిసి. మనం గజాలీ పేరు చెప్పుకొంటాము గాని ఆయన చేసిన ఈ పనిని మాత్రం చేయడం లేదు. తొమ్మిది వందల ఏండ్ల తర్వాత కూడా గోడమీది గుర్రాన్నే అప్పగిస్తున్నాము.

జగిత్యాల: "శాంతి"

1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేల సంఖ్యలో కదలివచ్చి సభ జరుపుకొన్నారు. అది జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. కూలిరేట్లు పెంచాలి, వెట్టి పోవాలి, దొరలు ఆక్రమించిన ప్రభుత్వ భూములు పేదలకు రావాలి, పంచాయితీల పేరుతో వసూలు చేసిన దండుగలు వాపసు ఇవ్వాలి అన్నవి ప్రధానమైన కోరికలు. ఒప్పుకోని దొరలను గ్రామాలు సాంఘికంగా బహిష్కరించినవి. రజకులు, క్షురకులు, పాలేర్లు ఆ ఇండ్లకు పని మానుకొన్నారు. ఆ సంవత్సరమే అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కాల్పుల విషయంలో పోలీసులకు మామూలు చట్టాలు ఇవ్వని అధికారాలను ఇచ్చే చట్టం అది.

ఈ చర్యను సమర్థించిన వాదాన్ని విడదీసి మూడు వాక్యాలుగా పెడితే ఇలా ఉంటుంది. శాంతికి భంగం కలిగించే పనులను ప్రభుత్వం అణచవలసి ఉన్నది. వెట్టి మానడం, బహిష్కరించడం గ్రామాలలో శాంతికి భంగం కలిగించినవి. కనుక వాటిని ప్రభుత్వం అణచవలసి ఉన్నది.

మొదటి వాక్యంలో "శాంతి" అంటే ఏమిటి? మనుషుల ప్రాణానికి, మానానికి, న్యాయమైన ఆస్తికి రక్షణ. ఆ అర్థంలోనే ఆ వాక్యాన్ని అందరూ ఒప్పుకొంటారు. రెండవ వాక్యంలో "శాంతి" అంటే నిన్నటి దాకా నడిచిన ఏర్పాటు చెదరకుండా ఉండడం. దొర గడీలో పిలిస్తే పలికేవాడు ఈరోజు పలకలేదు, ఆ అర్థంలో శాంతి నిజంగానే చెదిరింది. కాని ఆ ఏర్పాటు ఏమిటి? రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అంటే 1978లో వెట్టి మానినవాడు చట్టాన్ని అమలు జరుపుతున్నాడు, చేయించుకొన్నవాడు చట్టాన్ని ధిక్కరిస్తున్నాడు. ఒకే మాట రెండర్థాలలో నడవడంవల్ల చట్టాన్ని పాటించినవాడు శాంతిభంగకారి అయినాడు.

ఆ ఉద్యమకాలంలో హింస జరగలేదని ఎవరూ అనలేరు. దొరల పక్షాన హింస జరిగింది, వారికి ఎదురునిలిచిన పక్షాన కూడా జరిగింది. హింసకు పాల్పడినవారిని విచారించి శిక్షించడానికి సాధారణ శిక్షాస్మృతి ఉన్నది. ఆ వాదానికి అనేకార్థ పదం అవసరం లేదు. వెట్టి మానడాన్ని, కూలి అడగడాన్ని ఆ గాటన కట్టడానికే అవసరమయింది.

ఇందులోనే మరొక దోషం దాగి ఉన్నది. "కల్లోలితం" అనే విశేషణాన్ని తాలూకాకు తగిలించారు. తాలూకా కల్లోలితం అయితే అందులోని ప్రతి ఊరూ, ఆ ఊరిలోని ప్రతి మనిషీ కల్లోలకారుడేనా? పూర్వపు తార్కికులు "అన్నీ కలిసి" అనే అర్థంలోని సమస్తానికీ (కుల్లె మజ్మూయీ), "ఒక్కొక్కటీ" అనే అర్థంలోని సమస్తానికీ (కుల్లె అఫ్రాదీ) భేదం చెప్పి, మొదటిదానికి వర్తించేది రెండవదానికి వర్తించనక్కరలేదని హెచ్చరించారు. పదిమంది కలిసి మోయగల దూలాన్ని ఒక్కొక్కడూ మోయగలడని అర్థం కాదు.

న్యాయశాస్త్రంలోని ఉపచారఛలానికి ఇచ్చే ఉదాహరణ ఇక్కడ చక్కగా సరిపోతుంది. "మంచెలు అరుస్తున్నాయి" అంటే మంచెమీది మనుషులు అరుస్తున్నారని అర్థం. జొన్నచేను కాపలా కాసిన మన రైతుకు వివరించనక్కరలేదు. మాటను పట్టుకొని మంచెను కొట్టేవాడిని చూసి నవ్వుతాము. ప్రాంతం కల్లోలంగా ఉన్నదన్నప్పుడు కూడా అక్కడి కొందరు మనుషుల చేతలనే ఉద్దేశించి అంటున్నాము. ఆ కొందరు ఎవరో తేల్చకుండా ప్రాంతమంతటిపై అధికారం ప్రయోగించడం మంచెను కొట్టడమే. తేడా ఒక్కటే. మంచెకు నొప్పి లేదు.

కోరుట్ల: "అదుపు"

జగిత్యాలకు పడమటన ఉన్న కోరుట్ల, దాని చుట్టుపట్ల గ్రామాలు బీడీ పనికి పేరుపడినవి. కంపెనీ తరఫున కమీషన్‌దారు తునికాకు, తంబాకు ఇస్తాడు. స్త్రీలు ఇంటికి తీసుకుపోయి, ఆకు కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పగిస్తారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. నాణ్యత బాగాలేదని తీసివేసిన బీడీలను "ఛాట్" అంటారు, వాటికి కూలి రాదు. హిందూ ముస్లిం భేదం లేకుండా ఎన్నో ఇండ్లు ఈ చేతిపని మీద నిలిచినవి.

ఈ స్త్రీ కార్మికురాలేనా అనే ప్రశ్న దేశమంతటా దశాబ్దాలపాటు కోర్టులలో నలిగింది. కంపెనీల వాదం ఇది. యజమాని అదుపులో పనిచేసేవారే కార్మికులు. ఇంట్లో తన వీలు చూసుకొని చుట్టే స్త్రీ యజమాని అదుపులో లేదు. కనుక ఆమె కార్మికురాలు కాదు. అనుమానం ఆకారంలో ఏ లోపమూ లేదు. జబ్బు ఉన్నది "అదుపు" అనే మధ్యపదంలో.

మొదటి వాక్యంలో అదుపు అంటే పని ఎట్లా ఉండాలో నిర్ణయించే అధికారం. రెండవ వాక్యంలో అదుపు అంటే కళ్లెదుట నిలబెట్టి చేయించడం. రెండవ అర్థంలో చూస్తే ఆమె అదుపులో లేకపోవడం నిజమే. మొదటి అర్థంలో చూస్తే పూర్తిగా అదుపులోనే ఉన్నది. ఆకు ఎవరిది, తంబాకు ఎవరిది, బీడీ ఎంత పొడవుండాలి, ఏది ఛాట్ అన్నది ఎవరు చెబుతారు?

సుప్రీంకోర్టు కూడా ఈ మాట దగ్గర చాలాకాలం తడబడింది. బీడీ సట్టేదారులు స్వతంత్ర కాంట్రాక్టర్లే గాని ఫ్యాక్టరీ చట్టం కింద కార్మికులు కారని 1958లో చింతామణిరావు కేసులో చెప్పింది. రాకపోకలలో స్వేచ్ఛ ఉన్న ఒక బీడీ పనివాడు అదే చట్టం కింద కార్మికుడు కాడని 1960ల మొదట్లో శంకర్ బాలాజీ వాజే కేసులో అధికసంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ బెంచిలోని తెలుగువారు, జస్టిస్ కోకా సుబ్బారావు, దానితో ఏకీభవించలేదు. 1964లో దివాన్ మొహిదీన్ సాహెబ్ కేసులో మాత్రం, మధ్యవర్తులు పేరుకే కాంట్రాక్టర్లనీ, ఇండ్లలో చుట్టేవారు కంపెనీ కార్మికులేననీ కోర్టు తేల్చింది. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసి, ముడిసరుకు తీసుకొని ఇంటివద్ద చుట్టేవారిని కూడా "ఉద్యోగి" నిర్వచనంలోనే చేర్చింది. 1974లో ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 1977లో పీఎఫ్ చట్టం బీడీ పరిశ్రమకు వర్తించింది. 1985లో పి.ఎం.పటేల్ కేసులో కోర్టు ఆ చట్టాన్ని ఇంటివద్ద చుట్టేవారికీ వర్తింపజేస్తూ చెప్పిన కారణం తర్క విద్యార్థి గుర్తుంచుకోదగినది. బాగాలేని బీడీలను తిరస్కరించే హక్కే అదుపు. యజమాని చేతిలోని ఛాటే ఆమె కార్మికురాలని సాక్ష్యం చెప్పింది.

ఇక్కడ ఫిఖ్‌హ్ చదివినవారు చేసే ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉన్నది. ఫిఖ్‌హ్‌లో కూలివారు రెండు రకాలు. కాలానికి కూలి తీసుకొని ఒకరికే పనిచేసేవాడు అజీరె ఖాస్. దర్జీ వలె పలువురి పని పట్టి, చేసిన పనికి కూలి తీసుకొనేవాడు అజీరె ముష్తరక్. బీడీకి లెక్కకట్టి కూలి ఇస్తున్నారు గనుక ఈ స్త్రీ అజీరె ముష్తరక్ అనీ, కనుక స్వతంత్రురాలనీ, యజమానికి ఆమెపట్ల వేరే బాధ్యత లేదనీ వాదించవచ్చు. కాని ఆ విభజన ప్రధానంగా ఏ ప్రశ్నకు సమాధానం? కూలి ఎప్పుడు చెల్లాలి, చేతిలో వస్తువు నష్టపోతే ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు. ఇమామ్ అబూ హనీఫా, ఆయన శిష్యులిద్దరి మధ్య వచ్చిన భేదం కూడా ఆ నష్టపరిహారం గురించే. ముసలితనంలో ఆమెను ఎవరు చూడాలన్నది ఆ విభజన ముందున్న ప్రశ్న కాదు. పైగా కమీషన్‌దారుకు తప్ప మరొకరికి చుట్టే వీలులేని స్త్రీ పలువురి పని పట్టే దర్జీ ఎట్లా అవుతుంది? కూలి లెక్కించే తీరులో పోలిక ఉన్నంతమాత్రాన అన్ని విషయాలలో పోలిక ఉన్నట్టు కాదు.

చట్టం వచ్చినా మాట మారడం ఆగలేదు. తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి ప్రారంభించి, 2019లో దాన్ని 2016 రూపాయలకు పెంచింది. అది మేలైన పనే. కాని అర్హతకు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ సభ్యత్వం ఉండాలన్నారు. ఒకరి పుస్తకంమీద ఇద్దరు ముగ్గురు చుట్టడం ఈ పనిలో అందరికీ తెలిసిన సంగతే. అప్పుడు "బీడీ కార్మికులకు భృతి అందుతున్నది" అనే వాక్యం పీఎఫ్ జాబితా అర్థంలో నిజం. "ఈమె బీడీ కార్మికురాలు" అనేది వృత్తి అర్థంలో నిజం. రెండూ నిజమైనా ఆమె చేతికి పైసా రాదు. వేదిక మీద విన్నవారికి మాత్రం వచ్చినట్టే అనిపిస్తుంది.

సిరిసిల్ల: "నేతన్న"

సిరిసిల్లలో సాంచాల చప్పుడు రాత్రింబవళ్లు వినిపిస్తుంది. సాంచా అంటే మరమగ్గం. ఇక్కడ నేసేది ఎక్కువగా పాలిస్టరు గుడ్డ. 2000 తర్వాతి సంవత్సరాలలో నేత కార్మికుల ఆత్మహత్యలతో ఈ పట్టణం పేరు దేశమంతటా వినిపించింది. ఆ బాధను చెప్పడానికి పత్రికలు, నాయకులు వాడిన మాట "నేతన్న".

నేతన్న అనే మాటలో చేతితో నేసేవాడూ ఉన్నాడు, మరమగ్గం నడిపేవాడూ ఉన్నాడు. కులం, కష్టం, పని పేరు ఒకటే. కాని చట్టం దృష్టిలో వారిద్దరూ వేరు. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టంలో చేమగ్గం అంటే మరమగ్గం కానిది అని నిర్వచనం. మరమగ్గం వాటిని నేయడం నేరం. 1993లో పర్వేజ్ అఖ్తర్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. చేనేతకు మరమగ్గమే ప్రధానమైన పోటీ గనుక ఆ వేరు చేయడానికి కారణమున్నది.

ఇక వాదం చూడండి. నేతన్నకు ఇన్ని పథకాలు అమలు చేసినాము. సిరిసిల్ల కార్మికుడు నేతన్న. కనుక సిరిసిల్ల కార్మికునికి ఇన్ని పథకాలు అందినవి. మొదటి వాక్యంలోని నేతన్న కొన్ని సందర్భాలలో చేమగ్గం గుర్తింపు ఉన్నవాడు మాత్రమే. రెండవ వాక్యంలో నేసే ప్రతివాడూ.

ఇదే మాట తిరగబడి చేనేతవారిని కూడా దెబ్బతీస్తుంది. 2017 నుంచి 2023 వరకు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల సాంచాలకు పని కల్పించినవి. ఆ పని విలువను తక్కువ చేయనక్కరలేదు. కాని మొదటి ఏడాది చీరలు పుచ్చుకొన్న కొందరు స్త్రీలు చేనేత చీరలన్నారే, ఇవి అవి కావే అని బహిరంగంగా నిరసన తెలిపారు. నేతన్నకు పని ఇచ్చామన్న మాట నిజం. చేనేతకు పని ఇచ్చామని దాన్నుంచి తేల్చితే నిజం కాదు. సిరిసిల్ల సాంచా తిరిగినందువల్ల పోచంపల్లి మగ్గం తిరగలేదు.

2010 తర్వాత కేంద్రంలో మరొక ప్రతిపాదన వచ్చింది. నేతలో ఒక్క దశలోనైనా మనిషి శ్రమ అవసరమయ్యే మిశ్రమ మగ్గాన్ని కూడా చేమగ్గంగా నిర్వచించాలన్నారు. చేనేత సంఘాలు గట్టిగా వ్యతిరేకించినవి. వారి భయం తార్కికమైనది. "చేయి" అనే మాటను ఒక్క దశకు సాగదీస్తే, తెగిన పోగును ప్రతి సాంచా దగ్గరా మనిషి చేయే అతుకుతుంది గదా. అప్పుడు చేనేత అనే మాట మిగులుతుంది, చేనేత మిగలదు.

సిరిసిల్లలో "ఆసామి" సంగతి కూడా ఇటువంటిదే. నాలుగైదు సాంచాలున్న ఆసామిని యజమాని అంటాము. సాంచా అతనిదే, కాని నూలు పెద్ద యజమానిది, గుడ్డ కూడా పెద్ద యజమానిదే, ఆసామికి దక్కేది నేతకూలి. యంత్రం విషయంలో యజమాని అయినవాడు వ్యాపారం విషయంలో కూలివాడు. ఏ ఉద్దేశంతో అడుగుతున్నామో చెప్పకుండా అతడు యజమానియా కార్మికుడా అని అడిగితే, ఏ జవాబు చెప్పినా ఒక తప్పుడు నిగమనానికి దారితీస్తుంది.

ఒక ఆక్షేపణ

మాటలకు అనేకార్థాలు ఉండడం భాషా స్వభావం గదా, చట్టం తన అవసరానికి ఒక పరిభాషను ఏర్పరచుకొంటే తప్పేమిటని అడుగవచ్చు. తప్పు లేదు. పరిభాషపై కలహం అనవసరమని మన పూర్వులే అన్నారు. 1966 చట్టం "ఉద్యోగి" అనే మాటను లోకవాడుకకంటె విస్తరించింది, ముందే చెప్పి విస్తరించింది. అది దోషం కాదు, న్యాయం. మొదట ఒక అర్థం చెప్పి, చివరికి ఇంకొక అర్థంలో తేల్చడమే దోషం.

మరికొందరు దీనికి విరుద్ధమైన పని చేస్తారు. ఎదుటివారు సూటిగా అడిగినప్పుడు "ఆ మాటకు చాలా అర్థాలున్నాయి" అని తప్పుకొంటారు. కూలి ఎప్పుడు పెంచుతారని అడిగితే కూలి అంటే ఏమిటని ఎదురు అడగడం వంటిది ఇది. అర్థభేదం చూపించినవాడు ఆ భేదంవల్ల నిగమనం ఎట్లా మారుతుందో కూడా చూపించాలి. చూపించలేకపోతే అతడు తర్కం చేయడం లేదు, కాలం గడుపుతున్నాడు.

నిర్వచనం ఒక్కటే మందు కూడా కాదు. "కల్లోలిత ప్రాంతం" అనే మాటకు నిర్వచనం లేదని అస్సాంకు సంబంధించిన కేసులో ఆక్షేపించినప్పుడు, దాని అర్థం ప్రభుత్వానికీ ప్రజలకూ తెలిసినదే గనుక నిర్వచనం అక్కరలేదని 1983లో ఢిల్లీ హైకోర్టు భావించింది. తెలిసినదన్న మాటతోనే అనేకార్థానికి తలుపు తెరుచుకొంటుంది. మరోవైపు పీఎఫ్ జాబితా వంటి కచ్చితమైన నిర్వచనం కూడా అన్యాయం చేయగలదని కోరుట్ల చూపింది. ఉసూలె ఫిఖ్‌హ్ మనకు ఇచ్చిన పాఠం ఇంతకంటె లోతైనది. ఆదేశం పేరును బట్టి పోతుందా, దాని కారణాన్ని బట్టి పోతుందా అని అడగాలి. ఆ కారణాన్నే ఇల్లత్ అంటారు. భృతి ఇవ్వడానికి కారణం వయసంతా బీడీ చుట్టి ఒళ్లు గుల్ల కావడమైతే, ఆ కారణం ఉన్నచోట భృతి ఉండాలి. జాబితాలో పేరు ఆ కారణానికి ఒక రుజువు మాత్రమే, అదే కారణం కాదు. చేనేతకు రక్షణ ఇవ్వడానికి కారణం మర పోటీ అయితే, ఆ రక్షణ మరకు పోరాదు. సాంచా కార్మికుని ఆకలికి వేరే కారణం ఉన్నది, దానికి వేరే రక్షణ కావాలి. ఇద్దరినీ ఒక్క మాటలో కట్టివేస్తే ఇద్దరూ నష్టపోతారు.

విద్యార్థికి చెప్పవలసిన పరీక్ష

దోషాన్ని పట్టుకొనడానికి సులభమైన పరీక్ష ఒకటున్నది. వాదంలో రెండుసార్లు వచ్చిన మాటను గుర్తించాలి. ఆ మాటను తీసివేసి, దాని అర్థాన్ని నిండు వాక్యంగా ఆ రెండుచోట్లా పెట్టి చదవాలి. "శాంతికి భంగం" అన్నచోట "ప్రాణానికి, న్యాయమైన ఆస్తికి హాని" అని పెట్టి చూడండి. వెట్టి మానడం ప్రాణానికి హాని అనే వాక్యం తానే కూలిపోతుంది. "అదుపు" అన్నచోట "పని నాణ్యతను నిర్ణయించే అధికారం" అని పెట్టి చూడండి. ఈ పరీక్షకు పెద్ద చదువు అవసరం లేదు. కమీషన్‌దారుతో లెక్క చూసుకొనే స్త్రీ చేయగలదు, తెలియజేస్తే చాలు.

అందుచేత మదర్సాలలో మంతిఖ్ చెప్పే ఉస్తాదులకు, కాలేజీలలో తర్కం చెప్పే అధ్యాపకులకు మా సూచన ఇది. ఇసాగూజీని, తర్కసంగ్రహాన్ని పక్కన పెట్టనక్కరలేదు. వాటి నియమాలు నేటికీ నిలుస్తాయి. అయితే ముగాలతా పాఠం వచ్చినరోజు గుర్రం బొమ్మను ఒక్క నిమిషంలో దాటి, ఒక దరఖాస్తు తిరస్కరణ పత్రాన్నో, ఒక ప్రకటననో, ఒక తీర్పునో విద్యార్థుల ముందుంచండి. మధ్యపదం ఏదో గీత గీయమనండి. దాని అర్థం ఎన్నవ వాక్యం దగ్గర మారిందో చెప్పమనండి. తనవారి కూలి లెక్కలో ఆ మార్పును పట్టుకోగలిగిన విద్యార్థి మాత్రమే తర్కం చదివినట్టు లెక్క.